ఫ్లారెన్సు నైటింగేలు

ఫ్లారెన్సు నైటింగేలు పేరు వినని విద్యార్థి అరుదు. చీకటిపడిన తరువాత చేత దీపము పట్టుకొని, గాయపడిన సైనికుల మంచముల నడుమ మెల్లగా నడచిపోవు స్త్రీ బొమ్మను మీరు ఏదో ఒక పుస్తకమున చూచియే యుందురు. ఆ బొమ్మ అసత్యము కాదు. కాని ఆ దీపము ఆమె చేత నుండినది రెండేండ్లకు లోపే. అటుపిమ్మట నలుబదియేండ్లకు పైగా ఆమె చేత నుండినది కలము. ఆ కలముతో ఆమె ఒక ప్రశ్నపత్రమును తయారుచేసి మన దేశమునకు పంపించెను. దానికి జవాబులు వ్రాయవలసిన వారు బడిపిల్లలు కారు. సేనాధిపతులు, ఇంజనీర్లు, వైద్యాధికారులు. ఈ కథ మన పిల్లలకు అంతగా తెలియదు గనుక దీనినే ఇచ్చట కొంత విస్తరించి చెప్పెదను.

ఆమె 1820 వ సంవత్సరము మే నెల 12 వ తేదీన ఇటలీ దేశమునందలి ఫ్లారెన్సు నగరమున జన్మించెను. తలిదండ్రులు ఇంగ్లీషువారు, సంపన్నులు. పుట్టిన ఊరి పేరునే బిడ్డకు పెట్టిరి. తండ్రి విలియం నైటింగేలు కేంబ్రిడ్జిలో చదివినవాడు. ఆడుపిల్లలకు కుట్టుపని, పాట, నాట్యము చాలునని లోకము తలంచుచుండిన ఆ దినములలో ఆయన తానే గురువై కుమార్తెలిద్దరకు గ్రీకు, లాటిను, చరిత్ర, తత్త్వశాస్త్రము బోధించెను. చిన్న కుమార్తెకు గణితమునందు మక్కువ ఎక్కువ. తల్లికి ఇది కొంత చింత కలిగించెను. అంకెలతో కాలము గడపు పిల్లకు సంబంధము కుదురుట ఎట్లని ఆ తల్లి భయము.

అంతకంటె పెద్ద భయము ముందున్నది. యౌవనము వచ్చిన తరువాత ఫ్లారెన్సు తనకు పెండ్లి వలదనియు, రోగులకు పరిచర్య చేయుటయే తన పనియనియు నిశ్చయించుకొనెను. ఇల్లంతయు అల్లకల్లోలమయ్యెను. వారి కోపమునకు కారణము లేకపోలేదు. ఆనాటి ఆసుపత్రులు దుర్గంధమునకు నిలయములు. డబ్బుగలవారు రోగము వచ్చినచో ఇంటికే వైద్యుని పిలిపించుకొందురు గాని ఆసుపత్రి గడప త్రొక్కరు. అచ్చట పనిచేయు స్త్రీలకు శిక్షణ లేదు. వారిలో తాగుబోతులు పెక్కుమంది యని పేరు. అట్టి చోటికి గొప్పయింటి బిడ్డ పోవుటయా? ఆమె ఎదురుతిరిగి పోట్లాడలేదు. సూర్యోదయమునకు ముందే లేచి, కంబళి కప్పుకొని, కొవ్వొత్తి వెలుతురున దేశదేశముల వైద్యశాలల నివేదికలు తెప్పించుకొని చదివెడిది. ఏ ఆసుపత్రిలో ఎన్ని పడకలు, ఎందరు చేరిరి, ఎందరు స్వస్థులై ఇంటికి పోయిరి, ఎందరు శ్మశానమునకు పోయిరి అను లెక్కలను పట్టికలుగా వ్రాసికొనెడిది. ఇట్లు ఏండ్లు గడచెను. 1850, 1851 సంవత్సరములలో జర్మనీలో రైను నదికి చేరువనున్న కైజర్సువెర్తు అను ఊరి సేవాసంస్థకు పోయి పరిచర్యావిధానమును చూచి నేర్చుకొనెను. 1853 లో లండనునందు ఒక చిన్న ఆసుపత్రికి అధికారిణి యయ్యెను. అప్పటికి ఆమె వయస్సు 33 ఏండ్లు.

మరుసటి సంవత్సరమే క్రిమియా యుద్ధమున ఇంగ్లండు ప్రవేశించెను. గాయపడిన ఇంగ్లీషు సైనికులను నల్లసముద్రము దాటించి, కాన్‌స్టాంటినోపిలు నగరమునకు ఎదుటి గట్టుననున్న స్కుటారికి ఓడలలో చేర్చుచుండిరి. ఆ నగరమే నేటి ఇస్తాంబులు. అచ్చట టర్కీవారి పెద్ద సైనికశాల నొకదానిని ఆసుపత్రిగా మార్చిరి. అందలి దురవస్థను వార్తాపత్రికలు వెల్లడించగా ప్రజలు ఆగ్రహించిరి. యుద్ధశాఖకు మంత్రియైన సిడ్నీ హెర్బర్టు ఫ్లారెన్సును ఎరిగినవాడు. ఆయన కోరికపై ఆమె 38 మంది పరిచారికలతో బయలుదేరి 1854 నవంబరు 4 వ తేదీన స్కుటారి చేరెను.

అచ్చట ఆమె చూచినదేమి? పైనుండి చూచినచో అది మహాభవనము. లండనునందలి కాగితములను బట్టి దానికి కావలసినవన్నియు పంపబడినవి. కాని రోగి ప్రక్కన నిలిచి చూచినచో చేతులు కడుగుకొనుటకు చెంబు లేదు, తుడుచుకొనుటకు గుడ్డ లేదు, సబ్బు లేదు. చొక్కాలు ఓడలో వచ్చి యున్నను, అధికారుల సంఘము కూడి అనుజ్ఞ ఇచ్చువరకు మూట విప్పరాదను నియమము అడ్డుపడెను. చలికి వణకువాడు ఒకప్రక్క, విప్పని మూట ఒకప్రక్క. విద్యార్థులారా! ఒక ఆసుపత్రి సిద్ధముగ నున్నదో లేదో తెలిసికొనుటకు దాని ఖాతాపుస్తకము చూచిన చాలదనుట ఆమె ఆ దినములలోనే గ్రహించిన సంగతి. ఆమె వార్తాపత్రిక ద్వారా పోగైన నిధితో సామగ్రి కొనెను. ఒక ఇల్లు అద్దెకు తీసికొని నీరు కాగబెట్టించి, సైనికుల భార్యలచేత బట్టలు ఉతికించెను. పథ్యమునకు తగిన వంటశాలలు ఏర్పరచెను. రాత్రి అందరు నిద్రించిన తరువాత లాంతరు పట్టుకొని వార్డులన్నియు తిరిగి వచ్చెడిది. దీపము బొమ్మ పుట్టినది అప్పుడే.

ఇంత చేసినను ఆ చలికాలమున మరణములు తగ్గలేదు సరికదా, పెరిగినవి. 1855 ఫిబ్రవరిలో చికిత్సకు వచ్చినవారిలో నూటికి 42 మంది మరణించిరి. మార్చి నెలలో ఇంగ్లండునుండి ఒక ఆరోగ్యసంఘము వచ్చెను. అందు డాక్టరు సదర్లాండు అను వైద్యుడును, రాలిన్సను అను ఇంజనీరును ఉండిరి. వారు గోడల క్రిందను నేల క్రిందను త్రవ్వి చూచిరి. ఆసుపత్రి అడుగున మురుగుకాలువలు పూడిపోయి, వాని దుర్గంధము గదులలోనికి ఎగదన్నుచుండెను. త్రాగునీరు వచ్చు కాలువలో చచ్చిన గుఱ్ఱము ఒకటి కుళ్ళుచుండెను. కాలువలు శుభ్రము చేయించిరి. గోడలకు సున్నము కొట్టించిరి. గాలి వచ్చుటకు దారులు చేసిరి. రోగుల కిటకిటను తగ్గించిరి. జూను నాటికి మరణములు నూటికి 2 అయ్యెను.

ఆమె 1856 ఆగస్టులో స్వదేశమునకు తిరిగివచ్చెను. దేశము ఆమెకు బ్రహ్మరథము పట్టుటకు సిద్ధముగ నుండెను. ఆమె మారుపేరుతో ప్రయాణము చేసి, ఎవరికిని చెప్పకుండ నడచి ఇల్లు చేరెను. ఆమె మనస్సు మరియొకచోట నుండెను. జనన మరణముల లెక్కలలో ఆరితేరిన విలియం ఫార్ అను పండితునితో కూర్చుండి, యుద్ధకాలపు లెక్కలన్నియు ఒక్కొక్కటిగా సరిచూచెను. అప్పుడు ఒక చేదునిజము బయటపడెను. యుద్ధభూమికి దగ్గరగా గుడారములలో నుండిన చిన్న వైద్యశాలలకంటె, తాను రేయింబవళ్ళు శ్రమించిన స్కుటారి ఆసుపత్రిలోనే ఎక్కువమంది చనిపోయిరి. వారిని చంపినది శత్రువుల గుండు కాదు. క్రిక్కిరిసిన గదులు, కాలువల మురుగు, చెడ్డ నీరు వారిని చంపినవి. దయతో వారి తల నిమిరిన పరిచారికలకు ఆ సంగతి తెలియదు. ఆమెకును తెలియలేదు. మరియొకరైనచో ఈ లెక్కను దాచియుందురు. ఆమె దానిని రంగుల పటముగా గీయించి మంత్రులకును పార్లమెంటు సభ్యులకును పంపెను. నెలకొక్క రేకు చొప్పున చక్రమువలె విచ్చుకొనిన ఆ పటమున, నివారింపదగిన రోగములవలని మరణములు నీలిరంగున, గాయములవలని మరణములు ఎఱ్ఱరంగున చూపబడెను. నీలిరంగు ముందు ఎఱ్ఱరంగు స్వల్పము. అంకెలు చదువుటకు ఓపిక లేనివారికి సైతము ఒక్క చూపులో విషయము తెలిసిపోయెడిది. 1858 లో గణాంకశాస్త్ర సంఘము ఆమెను సభ్యురాలిగా ఎన్నుకొనెను. ఆ గౌరవము పొందిన స్త్రీలలో ఆమె ప్రథమురాలు.

ఇప్పుడు మన దేశపు కథకు వత్తము. 1857 నాటి తిరుగుబాటు తరువాత ఈస్టిండియా కంపెనీ పాలన ముగిసి, భారతదేశము ఇంగ్లండు రాణి ప్రభుత్వము క్రిందికి వచ్చెను. ఇచ్చట నుంచవలసిన ఇంగ్లీషు సేనల సంఖ్య పెరిగెను. ఆ సైనికులో, యుద్ధము లేని కాలమున సైతము, ఏటేట వేయికి 69 మంది చొప్పున చనిపోవుచుండిరి. ఈ అంకె ఎంతటిదో తెలియవలెనన్న, వేయిమంది చదువు పాఠశాల నొకదానిని తలంచుకొనుడు. ఒక్క సంవత్సరములో రెండు తరగతి గదులు ఖాళీ యగును. మరుసటి సంవత్సరము మరి రెండు. ఇంగ్లండులో ఆరోగ్యకరమైన ప్రాంతములందు ఆ వయస్సు పురుషులలో వేయికి సుమారు 9 మంది మాత్రమే చనిపోవుచుండిరి. భారతదేశపు ఎండయే ఇందుకు కారణమని పెద్దలు చెప్పి ఊరకుండిరి. ఎండకు మందు లేదు గదా!

ఫ్లారెన్సు ఆ మాట నమ్మలేదు. ఆమె పట్టుదల ఫలితముగా 1859 లో విచారణకై ఒక రాజనియుక్త సంఘము ఏర్పడెను. స్త్రీ యగుటచేత ఆమె దానిలో సభ్యురాలు కాలేదు. పైగా క్రిమియాలో తగిలిన జ్వరము ఆమెను విడువలేదు. పెక్కు దినములు మంచము దిగుటకే శక్తి లేకుండెను. అయినను సంఘము పనికి ప్రాణము ఆమెయే. లండనులోని సర్కారు కచేరీలలో వెదకగా భారతదేశపు సైనికస్థానముల ఆరోగ్యమును గూర్చి పనికివచ్చు లెక్కలు దొరకలేదు. లెక్కలు లేనిచోట వానిని పుట్టింపవలెను. కనుక ఆమె సదర్లాండు, ఫార్‌లతో ఆలోచించి ఒక ప్రశ్నావళిని తయారుచేసెను. దానిని హిందూదేశమునందలి సైనికస్థానము లన్నిటికి పంపిరి. ప్రతి స్థానమునుండియు సేనాధిపతి, ఇంజనీరు, వైద్యాధికారి ముగ్గురును చేవ్రాలు చేసిన జవాబు రావలెనని నియమము. ఒకని అలక్ష్యమును మరియొకడు కప్పిపుచ్చకుండుటకు ఇది మంచి ఉపాయమని నా తలంపు.

ఆ ప్రశ్నలు ఎట్టివి? మీ ఆసుపత్రి బాగున్నదా యని ఆమె అడుగలేదు. అట్లు అడిగినచో బాగున్నదను జవాబే వచ్చును. బడులు పరీక్షించు అధికారులను చూచినవారికి ఈ సంగతి క్రొత్త కాదు. నీరు ఎక్కడినుండి వచ్చును? బావినుండియా, చెరువునుండియా? దానిని ఎవరు, దేనితో మోసికొనివత్తురు? ఎవరైన పరీక్షించిరా? మురుగు ఎచ్చటికి పోవును? గదిలో పడకలెన్ని, ఒక్కొక్క రోగికి ఎంత చోటు, ఎంత గాలి? కిటికీలున్నవా? మరుగుదొడ్లు ఎంత దూరమున నున్నవి? స్నానమునకు వసతి యున్నదా? పక్కబట్టలు ఎచ్చట ఉతుకుదురు? వంటశాల ఎట్లున్నది? రాత్రివేళ రోగిని చూచువాడెవడు? చనిపోయినవారిని ఎచ్చట పాతిపెట్టుదురు? ఇట్టి ప్రశ్నలకు గొప్పలు చెప్పుట కుదరదు. ఉన్నది ఉన్నదనియో, లేనిది లేదనియో చెప్పితీరవలెను.

జవాబులు కట్టలు కట్టలుగా రాసాగెను. ఆమె ఇల్లు మారినపుడు ఈ కాగితములకే రెండు బండ్లు కావలసివచ్చెనని ఆమె చరిత్ర వ్రాసినవారు చెప్పుచున్నారు. జవాబు పంపిన స్థానములలో చెన్నరాజధాని సేనకు చెందిన సికిందరాబాదును ఒకటి. అచ్చటి పాత బారకులు ఇరుకునకును రోగములకును చిరకాలముగా పేరుపడినవి.

మంచముపై పడియుండియే ఆమె ఈ జవాబులన్నియు చదివెను. చాలచోట్ల మురుగుకాలువ యన్నదే లేదు. నీటిని భిస్తీలు తోలుతిత్తులలో మోసికొనివచ్చుచుండిరి. దాని రంగు, రుచి బాగున్నవని అధికారులు వ్రాసిరి గాని దానిలో ఏమున్నదో పరీక్షించినవారు అరుదు. ఆసుపత్రులలో స్నానవసతి యనగా పెక్కుచోట్ల ఒక మట్టికుండ, దానితో నీరు పోయువాడొకడు. వంటశాల పొగగూడు లేని పాక. రోగులను కనిపెట్టుకొనియుండుటకు కూలీలు ఉండిరి. వారికి ఎవరును ఏమియు నేర్పలేదు. రోగికి ప్రాణముమీదికి వచ్చినపుడు అతని పటాలమునుండి తోటిసైనికుని పిలిపించెడివారు. సారాయి మాత్రము ఎల్లచోట్ల సమృద్ధిగా దొరకుచుండెను. ఎండకు తోడు ఇన్ని కారణములు కనబడెను. ఎండను మార్చలేము గాని కాలువ త్రవ్వవచ్చును.

1863 లో సంఘము నివేదిక వెలువడెను. రెండు సంపుటములు, రెండువేల పుటలకు పైబడిన గ్రంథము. జవాబుల సారమును ఆమె తన పరిశీలనలుగా చిన్న వ్యాసమున చేర్చి, నీరు మోయువాని బొమ్మలవంటి కొన్ని చిత్రములను కూడ వేయించెను. తరువాత జనసామాన్యమునకై వేసిన సంక్షిప్త ప్రతిలో ఈ పరిశీలనలు మాయమయ్యెను. ఆమె చింతించుచు కూర్చుండలేదు. తానే ప్రత్యేకముగా అచ్చువేయించి, అధికారమున్న ప్రతివారికిని పంపెను. 1864 లో గవర్నరు జనరలుగా వచ్చిన సర్ జాన్ లారెన్సు ఆమె మాటను మన్నించి బంగాళము, మద్రాసు, బొంబాయి రాజధానులకు ఆరోగ్యసంఘములను నెలకొల్పెను. క్రొత్త బారకులు, క్రొత్త సైనిక వైద్యశాలలు గాలి వెలుతురులు చొరబడునట్లు కట్టబడసాగెను. 1873 నాటికి ఇంగ్లీషు సైనికుల మరణములు వేయికి 18 కి దిగెను. ఇందులకు కారణములు పెక్కు. అయినను లెక్క అడిగిన తరువాతనే తగ్గుదల వచ్చినదనుట నిశ్చయము.

సికిందరాబాదు తిరుమలగిరిలో పాత సైనిక వైద్యశాల కట్టడ మొకటి ఫ్లారెన్సు నైటింగేలు పేర పిలువబడుచున్నది. ఆమె అచ్చటికి స్వయముగా వచ్చి రోగులను చూచెనని కొందరు చెప్పుదురు. అది నిజము కాదు. ఆమె మన దేశమున ఎన్నడును అడుగుపెట్టలేదు. రావలెనను కోరిక ఉండెను గాని దేహము సహకరింపలేదు.

ఆమె పనిలో లోపములు లేవని చెప్పుట సరికాదు. దుర్గంధమే రోగములను పుట్టించునని ఆమె చాలకాలము నమ్మెను. సూక్ష్మక్రిములను గూర్చిన క్రొత్త శాస్త్రమును త్వరగా అంగీకరింపలేదు. విచారణయు మొదట ఇంగ్లీషు సైనికుల కొరకే గాని మన పల్లెప్రజల కొరకు కాదు. ఈ రెండవ లోపమును ఆమెయే మెల్లగా గుర్తించెను. ప్రక్కనున్న బజారు మురికిలో మునిగియుండగా దండులోని సైనికుడొక్కడు ఆరోగ్యముగా ఎట్లుండును? బజారును చూచినపుడు పల్లె కనబడెను. పల్లెను చూచినపుడు అన్నము లేని రైతు కనబడెను. 1876 మొదలు 1878 వరకు కడప, కర్నూలు, బళ్ళారి మొదలగు మండలములను దహించిన కరవును గూర్చి ఆమె తీవ్రముగా వ్రాసెను. ధవళేశ్వరము ఆనకట్ట కట్టిన సర్ ఆర్థరు కాటనుతో ఆమెకు ఉత్తరప్రత్యుత్తరములు ఉండెను. పొలమునకు నీరు పారినగాని ప్రజలకు ఆరోగ్యము లేదని కాటను దొరతోపాటు ఆమెయు వాదించెను. గోదావరి మండలము పచ్చబడుట ఆమెకు గొప్ప దృష్టాంతమయ్యెను.

ఇంతలో ఆమె చేసిన తక్కిన పనులు పెక్కు. 1860 లో లండనులోని సెయింటు థామసు ఆసుపత్రియందు పరిచారికలకు శిక్షణాలయము ఆమె పేర తెరువబడెను. ఆసుపత్రులన్నియు ఒకే తీరున లెక్కలు వ్రాయవలెనని నమూనా పత్రములు తయారుచేసెను. పరిచర్యను గూర్చి ఆమె వ్రాసిన చిన్న పుస్తకము నేటికిని చదువబడుచున్నది.

ఆమె పద్ధతి ఆమెతో అంతరింపలేదు. మన దేశమున 1943 లో సర్ జోసెఫు భోరు అధ్యక్షతన ఏర్పడిన సంఘము దేశమంతటి వైద్యసౌకర్యములను విచారించి 1946 లో నివేదిక సమర్పించెను. ప్రాథమిక ఆరోగ్యకేంద్రముల ఆలోచనకు అదియే పునాది. నేడు ప్రపంచ ఆరోగ్యసంస్థవారు వెనుకబడిన దేశములలోని వైద్యశాలల సంసిద్ధతను పరీక్షించుటకు ప్రశ్నపత్రములు తయారుచేసియున్నారు. పరీక్షకుడు కుగ్రామమునందలి ఆరోగ్యకేంద్రమునకు పోయి నీరు వచ్చుచున్నదా, విద్యుత్తు ఉన్నదా, చేతులు కడుగుటకు సబ్బు ఉన్నదా, జ్వరము చూచు ధర్మామీటరు పనిచేయుచున్నదా, మందులు బీరువాలో ఉన్నవా, వాని గడువు తీరినదా, శిక్షణ పొందినవారు ఉన్నారా యని తన కన్నులతో చూచి వ్రాసికొనును. కట్టడము ఉన్నంతమాత్రమున ఆసుపత్రి ఉన్నట్లు కాదు. మందు ఉన్నదని పుస్తకము చెప్పినను బీరువా తెరచి చూచినగాని ఆనాటి రోగికి అది దొరకునో లేదో తెలియదు. స్కుటారిలోని విప్పని మూట మీకు గుర్తుండే యుండును.

వార్ధక్యమున ఆమెకు చూపు పోయెను. 1907 లో రాజు ఆమెకు ఆర్డరు ఆఫ్ మెరిటు అను బిరుదమును ఇచ్చెను. స్త్రీలలో ఆ బిరుదము మొదట పొందినది ఆమెయే. బిరుదపత్రము ఇంటికి వచ్చునాటికి ఏమి జరుగుచున్నదో ఆమెకు పూర్తిగా తెలియని స్థితి. 1910 ఆగస్టు 13 వ తేదీన, 90 ఏండ్ల వయస్సున, లండనులోని తన ఇంట కన్నుమూసెను. మహాపురుషులను సమాధి చేయు వెస్టుమినిస్టరు ఆబీలో చోటు ఇత్తుమని ప్రభుత్వము చెప్పినను, ఆమె కోరికను అనుసరించి బంధువులు వలదనిరి. హాంప్‌షైరు మండలములోని ఈస్టు వెల్లో అను పల్లె చర్చి ఆవరణమున, తలిదండ్రుల చెంత ఆమెను సమాధి చేసిరి. ఆ రాతిమీద ఆమె పూర్తి పేరు లేదు. ఎఫ్., ఎన్. అను రెండు పొడియక్షరములు, పుట్టిన తేదీ, గిట్టిన తేదీ మాత్రమే చెక్కబడి యున్నవి.